ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మేడమీద బార్ ఎవరికైనా గుర్తుందా?

లైబ్రరీ_మెట్లు

మొన్న చాలా ఏళ్ల తర్వాత ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మెట్రో దిగాను. పాత అలవాటు కొద్దీ కళ్లు మేడమీద బార్ కోసం వెతికాయి. బోర్డు లేదు. బిల్డింగ్‌కి ఆకుపచ్చ పరదా చుట్టేశారు, లోపల గోడలు పగలగొడుతున్న చప్పుడు. సందులోంచి పైకి ఎక్కే ఇనుప మెట్లు మాత్రం ఇంకా ఉన్నాయి. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

పేరు రాయడం లేదు. పేరు పెట్టి ఎవరు పిలిచారు కనుక, అందరికీ అది మేడమీద బారే.

1998లో నేను చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునేవాణ్ణి. ఇంటి నుంచి మనియార్డర్ వచ్చిన రోజు ముగ్గురం కలిసి వెళ్లేవాళ్లం. ముగ్గురికీ కలిపి ఒక బీరు, ఒక ప్లేటు మసాలా పల్లీ. దాని మీద రెండు గంటలు కూర్చున్నా లేవమన్నవాళ్లు లేరు. ఒకసారి సర్టిఫికెట్ల ఫైలు టేబుల్ కింద మర్చిపోయి, లాస్ట్ బస్సులో నల్లగొండ వెళ్లిపోయాను. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నీ ఒరిజినల్సే. తెల్లారి తలుపులు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కిటికీ వైపు టేబుళ్లు చూసే పెద్దన్న వచ్చి, నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లి ఫ్రిజ్ మీంచి ఫైలు తెచ్చి ఇచ్చాడు. ఐసు నీళ్లు తగలకుండా దానికి రెండు పేపర్లు చుట్టి, దారం కట్టి పెట్టాడు. "ఇవి పెట్టుకుని ఇక్కడికి రాకు తమ్ముడూ" అన్నాడు, అంతే.

ఆ కాగితాలతోనే ఉద్యోగం వచ్చింది. ఇంకో ఆరేళ్లలో రిటైర్ అవుతాను. ఆ పెద్దన్న ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికైనా తెలుసా?

బాల్కనీ_టికెట్

అయ్యో, అదీ పోయిందా. ఆ ఇనుప మెట్లలో మూడోది ఊగేది. కొత్తవాడు వస్తున్నాడని లోపలివాళ్లకు ఆ చప్పుడుతోనే తెలిసిపోయేది. పాతవాళ్లు దాని మీద కాలు పెట్టకుండా దాటేసేవాళ్లు.

గోలీసోడా

నాకు గుర్తున్నంతవరకు మెట్లు సందులో లేవే. ముందు వైపు, పాన్ డబ్బా పక్కన ఉండేవి. సిమెంటు మెట్లు.

బాల్కనీ_టికెట్

@గోలీసోడా అవి ఏసీ హాలు పెట్టినప్పుడు తర్వాత కట్టినవి. మీరు ఏసీ బ్యాచ్ అన్నమాట.

గోలీసోడా

అవును, 2004 బ్యాచ్. నా మొదటి జీతం దావత్ ఆ హాల్లోనే. ఏసీ హాల్లో కూర్చున్నా స్టఫ్, అంటే మందులోకి నంజుకునేది, మాత్రం జనరల్ హాలు నుంచే తెప్పించుకునేవాళ్లం. కారం పట్టించిన ఉడికిన శెనగలు, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మకాయ బద్ద. ఏసీలో అదే ప్లేటు ఎందుకో రుచి ఉండేది కాదు.

రీలు_పెట్టె

నేను ఆ చౌరస్తాలో ఒక థియేటర్లో ఆపరేటర్‌గా చేశాను, 1987 నుంచి. అప్పట్లో క్రాస్ రోడ్స్ అంటే సినిమాలే. సుదర్శన్, సంధ్య, దేవి, ఓడియన్, సప్తగిరి, అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో. ఒక్కో ఆటకు వేల మంది ఒకేసారి రోడ్డు మీద పడేవాళ్లు. మా ఆపరేటర్లకు, గేట్‌కీపర్లకు, రీలు పెట్టెలు మోసే కుర్రాళ్లకు సెకండ్ షో వదిలాక కూర్చోవడానికి ఒక చోటంటూ ఉండేది కాదు. బార్ షట్టర్ సగం దించి లెక్కలు చూసుకునే వేళకు మేం వచ్చేవాళ్లం. ఆ టైములో మందు ఇవ్వరు. అన్నం, మిగిలిన పప్పు, ఆమ్లెట్ పెట్టేవాళ్లు. క్యాషియర్ కూడా మాతోనే తినేవాడు.

బయట జనానికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. సినిమా ఆడుతుందా లేదా అన్నది మాకంటే ముందు బార్ వాళ్లకు తెలిసేది. శుక్రవారం మార్నింగ్ షో చూసినవాళ్లు మధ్యాహ్నానికి పైకి ఎక్కేవాళ్లు. గట్టిగా మాట్లాడుకుంటూ ఎక్కితే సినిమా ఆడుతుంది. మాట లేకుండా వచ్చి కూర్చుంటే రెండో వారం ఉండదు. పెద్దన్న మధ్యాహ్నం మూడింటికి చెప్పిన మాట తప్పడం నేను చూడలేదు.

క్యూబ్ అనే డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి రీళ్లు పోయాక మాలో చాలామందికి పని పోయింది. నేను ఊరెళ్లిపోయాను. సుదర్శన్ 70 ఎంఎం పడగొట్టినప్పుడు పేపర్లో ఫొటో చూశాను కానీ ఆ వైపు వెళ్లలేదు. మీరు ఆకుపచ్చ పరదా అని రాస్తే మళ్లీ ఆ ఫొటో గుర్తొచ్చింది.

బాల్కనీ_టికెట్

@రీలు_పెట్టె అన్నా, నా చిన్నప్పుడంతా మీరు వేసిన బొమ్మలే చూశాను. ఫోకస్ పోతే ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, క్షమించాలి.

రీలు_పెట్టె

ఈల వేస్తేనే కదా తమ్ముడూ మాకు తెలిసేది. ప్రొజెక్టర్లో వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు చూసుకుంటూ ఉంటే తెర మీద ఏముందో చూసే తీరిక ఎక్కడిది.

ఆజామాబాద్_బిడ్డ

మా నాన్న ఆజామాబాద్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఫిట్టర్. జీతం రోజు సాయంత్రం నన్ను వెంట తీసుకుని బజారుకు వెళ్లేవాడు, దారిలో అక్కడ అరగంట ఆగేవాడు. పిల్లల్ని లోపలికి రానివ్వరు. మెట్ల కింద పాన్ డబ్బా ఆయన పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆయన నాకు సోంపు, మిఠా పాన్ ముక్క ఇచ్చేవాడు. నాన్న సరిగ్గా ఒక క్వార్టర్ తాగి దిగేవాడు.

పెద్దయ్యాక నేనూ ఎక్కాను. అప్పుడు తెలిసింది, ఎక్కడ పడితే అక్కడ కూర్చునే చోటు కాదని. తలుపు దగ్గర టేబుళ్లు ఫ్యాక్టరీ వాళ్లవి. కిటికీ వైపు లైబ్రరీ కుర్రాళ్లు, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు. గోడవారగా ఒంటరిగా వచ్చేవాళ్లు, వాళ్ల జోలికి ఎవరూ వెళ్లరు. మధ్యలో పెద్ద టేబుల్ కొత్తవాళ్లకు, గుంపులకు. ఎక్కడా రాసి ఉండదు, కానీ మొదటిసారి వెళ్లినప్పుడు పెద్దన్న భుజం మీద చెయ్యి వేసి చూపించేవాడు. నేను కిటికీ వైపు వెళ్లబోతే "మీ నాన్న అక్కడ కూర్చుంటాడు" అని తలుపు దగ్గర కూర్చోబెట్టాడు. అప్పటికి నాన్న పోయి ఏడాది అయింది. ఆ రోజు ఏం తాగానో గుర్తులేదు.

కొర్రమీను

అపోలో ఫిష్ గురించి ఒక్కళ్లూ మాట్లాడరేంటి? పొద్దున్నే రాంనగర్ చేపల మార్కెట్ నుంచి కొర్రమీను తెచ్చేవాళ్లు. ముల్లు తీసి, వేలెడంత ముక్కలు కోసి, వేయించి, మళ్లీ పెరుగు, పచ్చిమిర్చి, కరివేపాకుతో పెద్ద మంట మీద ఎగరేసేవాళ్లు. ఇప్పుడు అన్ని చోట్లా అదే పేరుతో బాసా చేప పెడుతున్నారు. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. కొర్రమీను కరగదు, పళ్లకు ఆనుతుంది. ఆ తేడా తెలిసిన నాలుక ఇప్పటికీ బాధపడుతోంది.

గోలీసోడా

రోజూ కొర్రమీను అంటే నేను ఒప్పుకోను. ఆదివారం మాత్రమే. మిగతా రోజుల్లో బొచ్చె. పెద్దన్ననే అడిగాను, దాచకుండా చెప్పాడు.

కొర్రమీను

బొచ్చెకు ముళ్లు ఉంటాయి కదా, అపోలో ఎలా చేస్తారు?

గోలీసోడా

అందుకే మిగతా రోజుల్లో ఫిష్ ఫ్రై అని రాసేవాళ్లు, అపోలో అని కాదు. మెనూ గోడ మీద సుద్దముక్కతో మార్చేవాళ్లు. ఆ నిజాయితీకే నేను మళ్లీ మళ్లీ వెళ్లింది.

రాంనగర్_అమ్మాయి

ఇదంతా చదువుతున్నాను. ఇలాంటి చర్చల్లో మాట్లాడను, కానీ ఈ బార్ నాకు కూడా తెలుసు కాబట్టి రాస్తున్నాను. నేను ఎప్పుడూ ఆ మెట్లు ఎక్కలేదు.

మా నాన్న ప్రింటింగ్ ప్రెస్‌లో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చే పని. కంప్యూటర్లు, ఆఫ్‌సెట్ వచ్చాక ఆ పని పోయింది. చేతికి వచ్చిన పని ఇంకొకటి లేదు. ఆయన రోజూ వెళ్లిన చోటు అదే. మీరు చెప్పిన గోడవార టేబుళ్లలో ఒకదాని దగ్గర కూర్చునేవాడు అనుకుంటాను, ఎవరితోనూ కలిసే మనిషి కాదు. ఇంట్లో మేం ముగ్గురు పిల్లలం. అమ్మ మిషన్ కుట్టేది. రాత్రి పదకొండు దాటాక మెట్ల చప్పుడు వినబడితే అమ్మ మిషన్ ఆపేది. ఆ చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో మాకు అర్థమయ్యేది. మీ మూడో మెట్టు లాంటిదే, మాకు ఒకటి ఉండేది.

నాన్న 1999లో పోయాడు. పదకొండో రోజు అయ్యాక అక్కడి నుంచి ఒక అబ్బాయి వచ్చి ఖాతాలో 340 రూపాయలు ఉన్నాయని చెప్పాడు. అమ్మ వెళ్లి కట్టి వచ్చింది. ఆ నెల మా తమ్ముడి ఫీజు కట్టలేదు.

మీ జ్ఞాపకాలు అబద్ధం అనడం లేదు. ఆ ప్లేట్ల వెనక మా ఇల్లు కూడా ఉందని రాయాలనిపించింది.

పక్కసీటు

మేడమ్, బార్ బలవంతంగా తాగించదు కదా. మనిషి బలహీనతకు చోటును తప్పుపట్టడం ఏంటి? మంచి జ్ఞాపకాలు రాసుకునే దగ్గర ఇది ఎందుకు?

ఆజామాబాద్_బిడ్డ

@పక్కసీటు ఆవిడ ఎవరినీ తప్పుపట్టలేదు. మళ్లీ చదవండి. మా నాన్న ఒక్క క్వార్టర్‌తో దిగాడు కాబట్టి నాకు మిఠా పాన్ గుర్తుంది. దిగకపోయి ఉంటే నేనూ ఇదే రాసేవాణ్ణి.

లైబ్రరీ_మెట్లు

@రాంనగర్_అమ్మాయి అమ్మా, చర్చ మొదలుపెట్టింది నేను కాబట్టి చెప్తున్నాను. మీరు రాసింది ఇక్కడ ఉండాల్సిందే. గోడవారగా కూర్చున్నవాళ్లను నేను రెండేళ్లు చూశాను. మా వయసుకు వాళ్లు ఆ గదిలో ఒక భాగం, ఫ్యాన్లలాగా, గడియారంలాగా. వాళ్లకు ఇల్లు ఉంటుందని, అక్కడ ఎవరో చెవులు రిక్కించుకుని ఉంటారని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

దూబగుంట_దారి

మాది నెల్లూరు జిల్లా. రాంనగర్ అక్క రాసింది మా ఊరి ఆడవాళ్లు చదివితే ప్రతి మాటకూ తల ఊపుతారు. 1992లో దూబగుంటలో మొదలైన సారా పోరాటం మా అమ్మ వాళ్లు కళ్లారా చూశారు, చేశారు కూడా. రాత్రి బడి చదువులకు వెళ్లిన ఆడవాళ్లు, కూలి డబ్బు ఎటు పోతుందో లెక్క కట్టి, సారా దుకాణం ముందు చీపుర్లతో కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరి 16న పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్లు మా ఇంట్లో రెండు పూటలా కూర ఉండేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

బాల్కనీ_టికెట్

నిషేధం రెండేళ్లూ మేడమీద బార్ ఏం చేసిందో ఎవరికైనా గుర్తుందా? నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను.

రీలు_పెట్టె

మీల్స్ హోటల్ అయింది. అవే టేబుళ్లు, అదే పెద్దన్న. అరిటాకు వేసి అన్నం, రెండు కూరలు, సాంబారు, పెరుగు. మొదటి వారం పాత మనుషులు అలవాటు కొద్దీ సాయంత్రం వచ్చి, ఏం అడగాలో తెలియక టీ తాగి వెళ్లేవాళ్లు. తర్వాత కొందరు రావడం మానేశారు. కొందరు శని, ఆదివారాలు సరిహద్దు దాటి బీదరు బస్సు ఎక్కారు. దొంగ సరుకు కూడా బాగానే నడిచింది ఊళ్లో, కాదనను. కానీ మా క్యాషియర్ పై మేడలో ఒక్క సీసా కూడా పెట్టనివ్వలేదు.

ఒకటి మాత్రం నిజం. ఆ రెండేళ్లలో మొదటిసారి ఆ మెట్లు ఎక్కి ఆడవాళ్లు, పిల్లలు భోజనానికి వచ్చారు. మ్యాట్నీ చూసి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని తినేవాళ్లు. 1997లో మళ్లీ లైసెన్స్ రాగానే వాళ్లు రావడం ఆగిపోయింది. పెద్దన్నకు ఆ మీల్స్ రోజులంటే ఇష్టం. "అప్పుడు ఒక్కడూ నా మీద వాంతి చేసుకోలేదు" అనేవాడు.

ఈతచెట్టు

నిషేధం అన్నారు కాబట్టి గుర్తు చేస్తున్నా, 1995 చట్టం కల్లును ముట్టుకోలేదు. మా ముషీరాబాద్ వైపు కల్లు కాంపౌండ్లు అప్పుడు నిండిపోయేవి. బార్ కంటే నాకు కాంపౌండే ఇష్టం. ఆడా మగా అందరూ వచ్చేవాళ్లు, గుడాలు, బోటి కూర, నేల మీద చాప. ముసలమ్మలు మనవరాళ్ల పెళ్లి సంబంధాలు అక్కడే మాట్లాడుకునేవాళ్లు. 2004లో సిటీలో అన్నీ మూయించారు, పదేళ్ల తర్వాత 2014లో మళ్లీ తెరిచారు. కానీ మధ్యలో తెగిపోయిన అలవాటు మళ్లీ అతకలేదు.

కొర్రమీను

అన్నా, మూయించడానికి కారణం కూడా చెప్పాలి. సిటీలో దొరికిన కల్లులో చాలా భాగం చెట్టు కల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్ కలిపిన నీళ్లు. సిటీలో ఎన్ని తాటిచెట్లు ఉన్నాయి, ఎన్ని సీసాలు అమ్మేవాళ్లు, లెక్క ఎక్కడ కలుస్తుంది?

ఈతచెట్టు

అది నిజం, కాదనలేను. మా మేనమామ అది దొరక్క చేతులు వణికి ఆసుపత్రి పాలయ్యాడు. నేను ఇష్టం అన్నది ఊరి నుంచి లొట్టిలో వచ్చిన పొద్దుటి ఈతకల్లు. పదింటికల్లా అయిపోయేది.

సిల్లీపాయింట్

బార్ సంగతికి వద్దాం. 2001 మార్చి 14, బుధవారం. కోల్‌కతా టెస్టు నాలుగో రోజు. ఫాలో ఆన్ ఆడుతున్నాం, స్కోరు 254కి 4. లైబ్రరీ ఎగ్గొట్టి పదకొండింటికి తలుపులు తీయగానే ఎక్కాం, ఎందుకంటే ఆడుతున్నది మన లక్ష్మణ్. మూలన పాత టీవీ, దూరదర్శన్. సాయంత్రం ఆట ముగిసే దాకా ఒక్క వికెట్ పడలేదు. లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా ఆడి 589కి తీసుకెళ్లారు. లేస్తే వికెట్ పడుతుందని ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. బాత్రూమ్‌కి కూడా ఓవర్ల మధ్యలో పరుగు. పెద్దన్న టీవీకి వీపు పెట్టి నిలబడ్డాడు, తను చూస్తే అవుట్ అవుతారని నమ్మకం. చప్పట్లు విని స్కోరు అడిగేవాడు. రోజంతా అలాగే పని చేశాడు.

మర్నాడు గెలిచాక క్యాషియర్ అందరికీ మిర్చిబజ్జీ పెట్టించాడు. బిల్లు లేదు.

లైబ్రరీ_మెట్లు

@సిల్లీపాయింట్ ఆ రోజు నేను ఆఫీసులో ట్రాన్సిస్టర్ పెట్టుకున్నాను! ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. చేరకపోయి ఉంటే మీ పక్క కుర్చీలో ఉండేవాణ్ణి.

ఎడిసన్_నారాయణగూడ

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ ఊళ్లో 3,000 మంది జనాభాకు ఒక బార్ లైసెన్స్ అని లెక్క. అందుకే చాలా హోటళ్లకు లైసెన్స్ ఉండదు, సీసా మనమే పట్టుకెళ్లాలి. బార్ ఉన్నా కారు వేసుకుని వెళ్లాలి, కాబట్టి తాగకూడదు, తాగితే నడపకూడదు. చివరికి అందరం ఎవరో ఒకరి బేస్‌మెంట్లో చేరతాం. అందరూ సాఫ్ట్‌వేర్, అందరివీ ఒకే రకం కబుర్లు. ఫిట్టర్, లెక్చరర్, సినిమా ఆపరేటర్ ఒకే గదిలో కూర్చోవడం ఇక్కడికి వచ్చాక నేను చూడలేదు.

బెజవాడ_బందరురోడ్డు

అక్కడిదాకా ఎందుకు, మా దగ్గర 2019లో వైన్ షాపుల పక్కన పర్మిట్ రూములు తీసేశాక కూర్చునే చోటే లేకుండా పోయింది. జనం కాలవ గట్ల మీద, కార్లలో తాగారు. ఇల్లు కాని చోట, రోడ్డు కాని చోట, నలుగురూ చూస్తుండగా తాగితే మనిషికి కొంచెం అదుపు ఉంటుంది. చీకట్లో ఒంటరిగా తాగేవాడికి చాలు అనే మనిషి ఎవరు?

రాంనగర్_అమ్మాయి

@బెజవాడ_బందరురోడ్డు మా నాన్నకు చాలు అన్నవాళ్లు ఉన్నారా లేదా అన్నదే నాకు తెలియదు. ఇన్నేళ్లూ లేరనే అనుకున్నాను.

ఓఆర్ఆర్_అవతల

నేను గచ్చిబౌలి వైపు బ్రూపబ్‌లకు వెళ్తాను. బాగుంటాయి, మా ఆఫీసు అమ్మాయిలు కూడా ధైర్యంగా వస్తారు. పొగ లేదు, టాయిలెట్లు శుభ్రం. మీ మేడమీద బార్‌కి మా ఆవిడను తీసుకెళ్లగలిగేవాణ్ణా? అది పోయినందుకు నాకేం బాధ లేదు.

బాల్కనీ_టికెట్

పొగ విషయం ఒప్పుకుంటాను. 2008 అక్టోబరు 2న పొగ నిషేధం వచ్చేదాకా ఆ గదిలో అవతలి గోడ కనబడేది కాదు. ఇంటికెళ్లి చొక్కా బయట ఆరేసేవాణ్ణి. కానీ బ్రూపబ్‌లో ముగ్గురు నిరుద్యోగులు ఒక్క గ్లాసు పెట్టుకుని రెండు గంటలు కూర్చోగలరా? పాట హోరులో పక్కవాడి మాట వినబడుతుందా?

ఓఆర్ఆర్_అవతల

కూర్చోలేరు. ఆ మాట నిజమే.

మిర్చి_ఘాటు

పెద్దన్న ఉన్నాడు!! నేను విద్యానగర్‌లో ఉంటాను. రైల్వే స్టేషన్ దగ్గర కోడలితో కలిసి కర్రీ పాయింట్ నడుపుతున్నాడు. 2020 లాక్‌డౌన్‌లో బార్లు నెలల తరబడి తెరవలేదు కదా, అప్పుడు జీతం ఆగిపోయి ఇది పెట్టుకున్నాడు. చెవి మీద పెన్సిలు చూసి గుర్తుపట్టాను. ఇప్పటికీ పెడుతున్నాడు. ఫోన్ నంబరు కావాలా?

నిర్వాహకుడు

ఎవరి నంబరూ, షాపు పేరూ ఇక్కడ రాయకండి. ఆయన్ని అడిగి, ఆయన సరే అంటే విడిగా పంపుకోండి.

లైబ్రరీ_మెట్లు

@మిర్చి_ఘాటు చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. ఈ ఆదివారమే వస్తాను. ఎన్నింటికి వస్తే పనికి అడ్డం కాకుండా ఉంటుంది?

మిర్చి_ఘాటు

పొద్దున పదకొండు లోపు రండి అన్నా. పన్నెండు దాటితే కూరల కోసం జనం క్యూ కడతారు. ఆదివారం చేపల పులుసు ఉంటుంది.

కొర్రమీను

ఏ చేప?

మిర్చి_ఘాటు

అడిగాను. ఆదివారం కొర్రమీను, మిగతా రోజుల్లో బొచ్చె.

గోలీసోడా

నేను ముందే చెప్పాను.

రాంనగర్_అమ్మాయి

@లైబ్రరీ_మెట్లు మీరు వెళ్తే ఒకటి అడుగుతారా? కంపోజిటర్ ఒకాయన వచ్చేవాడు, వేళ్లకు ఎప్పుడూ నల్లరంగు ఉండేది, ఎడమ చేత్తో గ్లాసు పట్టుకునేవాడు. గుర్తున్నాడా అని. గుర్తులేకపోయినా ఫర్వాలేదు.

లైబ్రరీ_మెట్లు

తప్పకుండా అడుగుతాను అమ్మా.

లైబ్రరీ_మెట్లు

వెళ్లొచ్చాను. ఆజామాబాద్_బిడ్డ, సిల్లీపాయింట్ కూడా వచ్చారు. నన్ను గుర్తుపట్టలేదు. ఫైలు, రెండు పేపర్లు, దారం అని చెప్తే "అలాంటివి చాలా దాచాను తమ్ముడూ, తాళాలు, టిఫిన్ బాక్సులు, ఒకసారి కట్టుడు పళ్లు" అన్నాడు. నేను తెచ్చిన చొక్కా గుడ్డ తీసుకోనన్నాడు. కోడలు తీసుకుని లోపల పెట్టింది. లక్ష్మణ్ మ్యాచ్ మాత్రం బాగా గుర్తుంది, హైలైట్స్ ఇప్పటికీ చూడలేదట.

@రాంనగర్_అమ్మాయి మీరు అడిగింది అడిగాను. గరిటె కింద పెట్టి కూర్చున్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా మాట ఏమీ కలపలేదు.

"ఎడమచేతి ఆయన. గోడవార రెండో టేబుల్. రెండు క్వార్టర్లు దాటితే నేను ఇవ్వనని చెప్పేవాణ్ణి. నేను సెలవున్న రోజు ఇంకో కుర్రాడు ఇచ్చేవాడు, వాణ్ణి ఏమీ అనలేకపోయాను. ఆయన పోయాక ఇంటికి మనిషిని పంపొద్దని క్యాషియర్‌తో గొడవపడ్డాను. నా మాట చెల్లలేదు. ఆవిడ వచ్చింది. మెట్లు ఎక్కలేదు. కింద పాన్ డబ్బా దగ్గర నిలబడింది. ఖాతా పుస్తకం నేనే కిందికి తీసుకెళ్లాను. ప్రతి లెక్కా చదవమంది. చదివాను. డబ్బు ఇచ్చి, ఆ పేజీ చింపి ఇమ్మంది. చింపి ఇచ్చాను."

ఇంతే చెప్పాడు. తర్వాత లేచి కూర కలపడానికి వెళ్లాడు.

రాంనగర్_అమ్మాయి

ఆయన గొడవపడ్డా డబ్బు తీసుకున్నారు. అది మారదు.

పేజీ సంగతి నాకు తెలియదు. అమ్మ మాకు ఎప్పుడూ చెప్పలేదు. మిషన్ డ్రాయర్‌లో బాబిన్ల కింద మడిచి పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది, చిన్నప్పటి నుంచి ముట్టుకోనివ్వదు. ఏదో కొలతల కాగితం అనుకున్నాను.

అమ్మ ఇప్పుడు పడుకుంది. పొద్దున అడుగుతాను.